జ్వరం తగ్గాక వెలిగించే మొదటి బీడీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫ్లూ జ్వరాలు ఊపందుకునే వానాకాలంలో మా గుండె ఓపీలో ఒక మాట తరచూ వినబడుతుంది. ఈమధ్య ఒక తాపీ మేస్త్రీ గారి భార్య అన్నారు: "జ్వరమొచ్చిన అయిదు రోజులూ బీడీ ముట్టలేదండీ. నోటికి రుచి తెలిసిన రోజు పొద్దున్నే కొట్టుకి వెళ్లారు." ఆయనకు స్టెంట్ (గుండె నాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేసి రెండేళ్లయింది. తల వంచుకుని చొక్కా జేబు తడుముకుంటున్నారు. అగ్గిపెట్టె అందులోనే ఉంది.

వైరల్ జ్వరంలో నోరు చేదు, పైగా దగ్గు. పొగ సయించదు. మానాలని అనుకోకుండానే చాలామంది మానేస్తారు, జ్వరం దిగగానే మళ్లీ మొదలుపెడతారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇంతకన్నా చెడ్డ సమయం ఇంకోటి లేదు.

అపోహ: జ్వరం తగ్గింది కాబట్టి వైరస్ పని అయిపోయింది.

థర్మామీటర్‌లో జ్వరం దిగినంత తొందరగా రక్తనాళాల్లో వాపు దిగదు. వైరస్‌తో పోరాడే రోజుల్లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుండె నాళాల్లో ఇదివరకే పేరుకున్న కొవ్వు పూడిక పైపొర బలహీనపడి చిట్లే ప్రమాదం ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఫ్లూ అని పరీక్షలో తేలాక మొదటి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకన్నా సుమారు 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. కోవిడ్ తర్వాతైతే గుండె ముప్పు నెలల తరబడి ఉండొచ్చు.

పొగ చేసేదీ ఇదే పని. ప్లేట్‌లెట్లను జిగటగా చేస్తుంది, నాళాలను బిగిస్తుంది. నికోటిన్ నిమిషాల్లో నాడినీ బీపీనీ పెంచుతుంది. జ్వరం తర్వాత మెట్లెక్కితేనే గుండె దడదడలాడే మనిషికి దాని మీద ఇది. గుండెకు పని పెరిగింది, అందాల్సిన ఆక్సిజన్ తగ్గింది.

అపోహ: వేలికి పెట్టే మిషన్‌లో 98 చూపిస్తోంది, నాకేం కాలేదు.

కోవిడ్ పుణ్యమా అని ఆక్సీమీటర్ లేని ఇల్లు తక్కువ. దాని లోగుట్టు కొంచెం చెప్పాలి. అది రక్తం గుండా రెండు రకాల వెలుగు పంపి, ఎరుపును బట్టి ఆక్సిజన్ శాతం ఎంతో అంకె చూపిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్న హిమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఆ చిన్న మిషన్ దాన్నీ ఆక్సిజన్ ఖాతాలోనే వేసేస్తుంది. బాగా పొగతాగేవారిలో 5 నుంచి 10 శాతం దాకా హిమోగ్లోబిన్ ఇలా ఎందుకూ పనికిరాకుండా ఉండిపోవచ్చు. అంకె మాత్రం 98. మిషన్ పాడైందని కాదు, దానికి అంతకన్నా తెలియదు. మంచి వార్త ఏంటంటే, పొగ మానితే ఈ కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది. మన మేస్త్రీ గారి రక్తం ఆ అయిదు రోజుల్లో శుభ్రపడింది. కొట్టుకి వెళ్లిన పూట మళ్లీ మొదటికొచ్చింది.

అపోహ: సిగరెట్‌లో కెమికల్స్ ఉంటాయి, బీడీ ఆకే కదా.

తునికాకు కాగితంలా గాలి ఆడనివ్వదు. బీడీ మాటిమాటికీ ఆరిపోతుంది, ఆరకుండా ఉండాలంటే గట్టిగా, ఎక్కువసార్లు దమ్ము లాగాలి. నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా తక్కువేం కావు. చుట్ట తాగితే కఫం తెగుతుందని అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోసే సన్నని నూగును ఆ పొగే మొద్దుబారుస్తుంది. మానిన కొత్తలో దగ్గు కాస్త పెరిగితే, ఆ నూగు మళ్లీ పనిలోకి దిగిందని అర్థం.

"రోజుకు ఒక్కటే సార్" అనేవాళ్లకు: రోజుకు 20 సిగరెట్ల వల్ల పెరిగే గుండె ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వస్తుంది. లెక్క విడ్డూరంగా ఉన్నా గుండె విషయంలో నిజం ఇదే.

స్టెంట్ కొత్త పైపు, దానికేం కాదనేది ఇంకో నమ్మకం. స్టెంట్‌లోనూ రక్తం గడ్డకడుతుంది, పొగ తాగితే ఆ అవకాశం పెరుగుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయాయని డాక్టర్ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ ఆపించి ఉంటే, ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి. ఆ మాత్రను మర్చిపోయి సిగరెట్‌ను మాత్రం గుర్తుపెట్టుకున్నవాళ్లను చూశాను.

అపోహ: ఒక్కసారిగా మానేస్తే గుండె తట్టుకోలేదు.

తట్టుకోలేనిది గుండె కాదు, అలవాటు. చిరాకు, నిద్రపట్టకపోవడం, టెన్షన్ మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి తర్వాత మెల్లగా తగ్గుతాయి. జ్వరంతో మంచం మీద ఉన్న రోజుల్లోనే ఆ గడ్డు రోజులు మీకు తెలియకుండా దాటిపోయాయి. అందుకే పొగ మానడానికి వైరల్ జ్వరం తర్వాతి వారం లాంటి అవకాశం మళ్లీ రాదని నేను గట్టిగా చెబుతాను.

పొగ మానడానికి వాడే నికోటిన్ గమ్ గుండె జబ్బువాళ్లకు డేంజర్ అన్నది కూడా అపోహే. అందులో పొగ లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు, నికోటిన్ కూడా నెమ్మదిగా ఎక్కుతుంది. గుండెపోటు వచ్చి రెండు వారాలు కాకపోయినా, ఛాతీ నొప్పి వస్తూ పోతూ ఉన్నా మీ డాక్టర్‌ని అడిగి వాడండి. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. నాలుక చురుక్కుమనే దాకా నమిలి, బుగ్గలో పెట్టుకుని ఊరుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమలాలి. ముందో పావుగంట టీ, కాఫీ వద్దు. మాట సాయం కావాలంటే పొగాకు మానేవాళ్లకు ఫోన్‌లో సలహా ఇచ్చే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356, ఉచితం.

జ్వరం తగ్గిన వారాల్లో ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే నీరసమే కదా అని ఊరుకోవద్దు. వైరస్ వల్ల గుండె కండరానికే వాపు రావచ్చు. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష, ఎకో (గుండె స్కాన్) చూసి తేల్చాలి. ఇక ఫ్లూ టీకా గుండె రోగులకు ఏటా అవసరం.

మేస్త్రీ గారు లేచి వెళ్తూ అగ్గిపెట్టె తీసి భార్య చేతిలో పెట్టారు. బీడీ కట్ట మాత్రం ఇవ్వలేదు. పది రోజుల తర్వాత రమ్మన్నాను.