రెండు క్లబ్బులు ఒకటైతే: పిల్లలకు తాతయ్య ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. "మా క్లబ్బునీ వాళ్ల క్లబ్బునీ కలిపేస్తారట, ఇంక నేను ఆడను" అని ఒకరు రాశారు. "కలిస్తే మమ్మల్ని ఓడించేవాళ్లే ఉండరు" అని ఇంకొకరు రాశారు. ఇన్నాళ్లూ ఫుట్‌బాల్ మైదానంలో ఒకరి మీద ఒకరు గోల్ కొట్టడానికి ప్రాణం పెట్టిన మీ ఇద్దరికీ ఒకే జవాబు రాస్తున్నాను. పక్కపక్కన కూర్చుని చదవండి.

కలపడం తప్పని నేను అనను. కలవబట్టే బతికిన క్లబ్బులు ఉన్నాయి, కలిపినందువల్ల పోయినవీ ఉన్నాయి. కాకపోతే ఈ పని కాగితం మీద ఒక్క పూటలో అయిపోతుంది, మనుషుల మనసుల్లో అవడానికి ఒక తరం పడుతుంది. కొందరిలో ఎప్పటికీ అవదు. పెద్దవాళ్లు లెక్కలు వేసేటప్పుడు ఈ ముక్క మరిచిపోతారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అసలు ఎందుకు కలుపుతారు? దాదాపు ప్రతిసారీ డబ్బు కోసమే. రెండు మైదానాల నిర్వహణ, ఇద్దరు కోచ్‌లు, రెండు జట్ల ప్రయాణాలు, రెండు చోట్లా అప్పులు. ఒక్కటైతే ఖర్చు సగమవుతుంది, చూసేవాళ్లు రెట్టింపవుతారు అని లెక్క వేస్తారు. మొదటి సగం చాలావరకు నిజమే. తప్పేది రెండో సగమే. ఒక క్లబ్బు ఆట చూడ్డానికి వెయ్యిమంది, రెండో క్లబ్బు ఆటకి వెయ్యిమంది వస్తున్నారనుకుందాం. కలిపాక రెండు వేలమంది రారు. వాళ్లలో కొంతమంది వచ్చేది తమ జట్టు గెలవాలని ఎంతగానో, అవతలి జట్టు ఓడాలని అంతగా. ఆ అవతలి జట్టే ఇప్పుడు తమదైపోతే వాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ జనం వచ్చే ఆట ఆ రెండు జట్ల మధ్య పోటీయే. విలీనంతో ముందు పోయేది అదే.

స్కాట్లండ్ ఉత్తరాన ఇన్వర్‌నెస్ అనే పట్టణం ఉంది. చిన్న పట్టణమే అయినా మూడు క్లబ్బులుండేవి: కలెడోనియన్, థిసిల్, క్లాక్‌నకడిన్. మూడూ హైలాండ్ లీగ్ అనే ప్రాంతీయ లీగ్‌లో వందేళ్లుగా ఒకదానితో ఒకటి తలపడుతూ వచ్చాయి. 1994లో స్కాట్లండ్ జాతీయ లీగ్‌లో రెండు కొత్త చోట్లు వచ్చాయి. ఊరి తరఫున ఒకే క్లబ్బు అడిగితే చోటు దక్కుతుందన్న ఆలోచనతో కలెడోనియన్‌నీ థిసిల్‌నీ కలిపారు. సభ్యుల సమావేశాల్లో పెద్ద గొడవలయ్యాయి. స్నేహాలు చెడ్డాయి. పాత అభిమానుల్లో కొందరు కొత్త క్లబ్బు మైదానం గడప తొక్కలేదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. కలిసి ఆరేళ్లు తిరక్కుండానే, 2000 ఫిబ్రవరిలో, ఆ కొత్త క్లబ్బు స్కాటిష్ కప్పులో దేశంలోని పెద్ద క్లబ్బుల్లో ఒకటైన సెల్టిక్‌ని వాళ్ల సొంత మైదానంలో 3–1తో ఓడించింది. 2004లో దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌కి చేరింది. 2015లో స్కాటిష్ కప్పే గెలిచింది. విడివిడిగా ఉంటే ఆ రెండు క్లబ్బుల్లో ఏదైనా ఇంత దూరం వచ్చేదా అంటే, నాకైతే నమ్మకం లేదు. అయితే 2024లో అదే క్లబ్బు డబ్బు లేక దివాలా అంచుకి చేరింది, దాని నిర్వహణ బయటి నిర్వాహకుల చేతికి వెళ్లింది. డబ్బు కష్టాలు తీరతాయని కలిపిన క్లబ్బుకి ముప్ఫై ఏళ్లకి మళ్లీ అవే కష్టాలు. ఇల్లు అలకగానే పండగ కాదంటారే, అదన్నమాట.

మూడో క్లబ్బు క్లాక్‌నకడిన్ మాత్రం ఎవరితోనూ కలవలేదు. పాత లీగ్‌లోనే ఉండిపోయింది. పట్టణంలోని పెద్ద క్లబ్బు అగ్రశ్రేణికి చేరిన 2003–04 సీజన్‌లోనే ఇది హైలాండ్ లీగ్ గెలిచింది. దాని గెలుపు గురించి బయటి ప్రపంచంలో చాలామందికి తెలియదు. నాకు మాత్రం ఈ కథలో ఆ ముక్క చాలా ఇష్టం.

ఇంకో కథ ఇటలీది. జెనోవా నగరంలో సాంపియెర్‌దారెనేజె, ఆండ్రేయా డోరియా అని రెండు క్లబ్బులుండేవి. 1927లో ఫాసిస్టు ప్రభుత్వం ఈ రెండిటినీ బలవంతాన కలిపి "లా డోమినాంతె" అని పేరు పెట్టింది. డోమినాంతె అంటే అందరి మీదా పైచేయి సాధించేది అని. పేరులోనే అహంకారం ఉంది చూశారా? అది అయిదేళ్లు కూడా నిలవలేదు. రెండు క్లబ్బులూ మళ్లీ విడిపోయి పాత పేర్లతో ఆడుకున్నాయి. యుద్ధం ముగిశాక, 1946లో, అవే రెండు క్లబ్బులు మళ్లీ కలిశాయి. ఈసారి పైనుంచి హుకుం లేదు. రెండు పేర్లలోంచి చెరో ముక్క తీసుకుని సాంప్‌డోరియా అన్నారు. జెర్సీకి ఒకరి నీలం తీసుకుని, దాని మధ్యలో రెండోవారి తెలుపు, ఎరుపు, నలుపు పట్టీలు వేశారు. చూసినవాళ్లకి రెండు క్లబ్బులూ అందులో కనిపిస్తాయి. ఆ జెర్సీ వేసుకునే 1991లో ఇటలీ ఛాంపియన్లయ్యారు, మరుసటి ఏడాది యూరోపియన్ కప్పు ఫైనల్ దాకా వెళ్లారు. ఊరూ అదే, క్లబ్బులూ అవే. ఒకసారి విఫలమైంది, ఒకసారి నిలబడింది. పేరూ రంగులూ చిన్న విషయాలని ఎవరైనా అంటే వాళ్లకి ఈ జెర్సీ చూపించండి.

ఈ కథలో మీకు ఉత్సాహం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. పాత వైరం పోయినచోట కొత్తది పుట్టింది. జెనోవాలో అప్పటికే ఉన్న పాత క్లబ్బు జెనోఆకీ, కొత్తగా వచ్చిన సాంప్‌డోరియాకీ మధ్య డెర్బీ, అంటే ఒకే ఊరి జట్ల పోటీ, వచ్చిందంటే ఊరు ఊరంతా రెండుగా చీలిపోతుంది. రోమ్‌లోనూ అంతే. 1927లో మూడు క్లబ్బుల్ని కలిపి ఏఎస్ రోమా చేశారు. లాజియో మాత్రం చేరనని బయటే ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఇద్దరి మధ్య ఆట అంటే నగరానికి టెన్షనే. అందరినీ ఒక్కటి చేయాలని మొదలుపెట్టిన పని చివరికి ఇద్దరు పెద్ద ప్రత్యర్థుల్ని తయారుచేసింది. ఫుట్‌బాల్‌లో జనానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండాల్సిందే.

జపాన్‌లోని యొకొహామాలో జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ నగరంలో అగ్రశ్రేణి క్లబ్బులు రెండుండేవి: మారినోస్, ఫ్లూగెల్స్. ఫ్లూగెల్ అంటే జర్మన్ భాషలో రెక్క. 1998 అక్టోబరులో, ఇంకా సీజన్ నడుస్తుండగానే, ఫ్లూగెల్స్‌ని మారినోస్‌లో కలిపేస్తున్నామని ప్రకటించారు. డబ్బు పెట్టే కంపెనీల్లో ఒకటి తప్పుకుంది, అదీ కారణం. అభిమానులకి ఒక్క మాటైనా ముందు చెప్పలేదు. వాళ్లు వీధుల్లో నిలబడి సంతకాలు సేకరించారు, వేడుకున్నారు. నిర్ణయం మారలేదు. ఆటగాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నారు. దేశమంతా పోటీపడే చక్రవర్తి కప్పులో ఒక్కో జట్టునీ ఓడిస్తూ ఫైనల్‌కి వచ్చారు. ఏ రోజు ఓడితే ఆ రోజే ఆ క్లబ్బుకి ఆఖరి ఆట. 1999 జనవరి 1న ఫైనల్లో షిమిజు ఎస్-పల్స్‌ని 2–1తో ఓడించి కప్పు గెలిచారు. కప్పు చేతికి తెచ్చిన ఆ ఆటే క్లబ్బుకి ఆఖరి ఆట అయింది. గెలిచి ఏడ్చిన జట్టు అది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. అభిమానులే డబ్బు పోగేసుకుని అదే సంవత్సరం యొకొహామా ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. కింది లీగ్ నుంచి మొదలుపెట్టి 2007లో అగ్రశ్రేణికి వచ్చారు. మారినోస్ పేరు ముందు ఇప్పటికీ "ఎఫ్" అనే అక్షరం ఉంటుంది, అది ఫ్లూగెల్స్ గుర్తు. ఒక్క అక్షరం ఇచ్చి సరిపెట్టారని అప్పట్లో చాలామంది బాధపడ్డారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. క్లబ్బంటే మైదానం, బ్యాంకు ఖాతా అనుకున్నవాళ్లు దాన్ని మూసేయగలిగారు. అందులోని మనుషులు మాత్రం వేరే పేరుతో మళ్లీ లేచారు. ఒకటి చేయాలనుకున్న నగరంలో ఇప్పటికీ రెండు క్లబ్బులు ఉన్నాయి.

అసలు జరగకుండా ఆగిపోయిన విలీనాల సంగతీ చెప్పాలి. 1983లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌నీ రీడింగ్‌నీ కలిపి థేమ్స్ వ్యాలీ రాయల్స్ చేద్దామన్నారు. అభిమానులు మైదానంలోకి వచ్చి గడ్డి మీద కూర్చుండిపోయారు. ఆ ఆలోచన వీగిపోయింది. మూడేళ్లకే, 1986లో, ఆక్స్‌ఫర్డ్ లీగ్ కప్పు గెలిచింది. రీడింగ్ 2006లో ప్రీమియర్ లీగ్‌కి చేరింది. 1990లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో హార్ట్స్ క్లబ్బు అధ్యక్షుడు తమ బద్ధ ప్రత్యర్థి హిబర్నియన్‌ని కొనేసి రెండూ ఒకటి చేయాలని చూశాడు. హిబర్నియన్ అభిమానులు ఏకమై అడ్డుకున్నారు. 1991లోనే వాళ్ల జట్టు లీగ్ కప్పు గెలిచింది. 2016లో, 114 ఏళ్ల తర్వాత, స్కాటిష్ కప్పు ఇంటికి తెచ్చుకుంది. 1990లో వద్దని నిలబడ్డవాళ్లలో ఎంతమంది ఆ రోజు తమ మనవల్ని పక్కన పెట్టుకుని చూసుంటారో అని నేను అనుకుంటూ ఉంటాను.

డెన్మార్క్‌వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. 1992లో కోపెన్‌హాగన్‌లో కేబీ, బీ1903 అనే రెండు పాత క్లబ్బులు కలిసి ఎఫ్‌సీ కోపెన్‌హాగన్ పెట్టాయి. మొదటి సీజన్‌లోనే అది ఛాంపియన్ అయింది. 1999లో ఇకాస్ట్, హెర్నింగ్ అనే పక్కపక్క ఊళ్ల ప్రత్యర్థులు కలిసి ఎఫ్‌సీ మిడ్‌యూలాండ్ అయ్యాయి. ఆ జట్టు 2015లో మొదటిసారి జాతీయ ఛాంపియన్ అయింది. కలిపింది జీతాలు తీసుకునే పైజట్టుని. కింద పాత క్లబ్బులు తమ పేర్లతో, తమ పిల్లల జట్లతో అలాగే ఉన్నాయి. ఖర్చు ఎక్కువగా ఉన్నచోట కలిశారు, ప్రేమ ఎక్కువగా ఉన్నచోట కలపకుండా వదిలేశారు.

మీ విషయంలో నాకున్న దిగులు కూడా అక్కడే. పెద్దల జట్టు గురించి అందరూ మాట్లాడతారు, పేపర్లలో రాస్తారు. పిల్లల జట్ల గురించి ఎవరూ అడగరు. ఇప్పుడు మీ వయసు జట్లు రెండున్నాయి. ఆట మొదలయ్యేటప్పుడు రెండు వైపులా కలిపి ఇరవై రెండు మంది మైదానంలో ఉంటారు. కలిపేశాక ఒకే జట్టు మిగిలితే పదకొండు మంది. మిగతా పదకొండు మంది ఏమవుతారు? బెంచీ మీద ఒక సీజన్ కూర్చుంటారు, రెండో సీజన్‌కి రావడం మానేస్తారు. ఆలస్యంగా ఎదిగే పిల్లలు, అంటే పన్నెండేళ్లప్పుడు చిన్నగా ఉండి పదహారేళ్లకి మెరిసేవాళ్లు, అందరికంటే ముందు పోతారు. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. పదేళ్ల తర్వాత పెద్దల జట్టుకి ఆటగాళ్లు దొరకనప్పుడు తెలుస్తుంది. అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు.

ఆడనని అలిగిన నువ్వు ఒక పని చెయ్యి నాన్నా. అలక తప్పు కాదు, నీ జెర్సీ మీద నీకున్న ప్రేమ అది. కానీ మైదానం వదిలేస్తే నీ తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. సంబరపడుతున్న నువ్వు కూడా విను తల్లీ. మొదటి ఏడాది డ్రెస్సింగ్ రూమ్‌లో రెండు గుంపులు రెండు మూలలా కూర్చుంటాయి. గోల్ పడితే "మీవాళ్ల తప్పే" అంటారు. పాస్ ఇవ్వాల్సినచోట పాత స్నేహితుడి కోసం వెతుకుతారు. నువ్వు వెళ్లి అవతలి మూలలో కూర్చో. ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి కదా.

ఇద్దరూ కలిసి మీ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని ఆ మీటింగ్‌కి వెళ్లండి. కొత్త పేరులో రెండు క్లబ్బులూ కనబడతాయా, గుర్తు మీద ఏ సంవత్సరం వేస్తారు, పాత ట్రోఫీలూ ఫొటోలూ ఎక్కడ పెడతారు, ఏ మైదానం ఉంచుతారు, అమ్మేదాని డబ్బు ఎటు పోతుంది, పెద్ద స్పాన్సర్ ఒక్కడే ఉంటే అతను తప్పుకున్న రోజున సంగతేమిటి, ఇవన్నీ అడగాల్సినవే. సభ్యులందరికీ ఓటు ఉందా లేదా అన్నది తప్పకుండా అడగండి. పెద్దవాళ్లు అడగడానికి మొహమాటపడితే మీరే లేచి అడగండి.

అన్నిటికంటే ముందు మాత్రం పన్నెండేళ్లలోపు పిల్లలకి ఒక జట్టు ఉంటుందా, రెండు ఉంటాయా అని అడగండి. ఏం చెప్పారో నాకు వెంటనే రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య