"డబ్బా మీద రాయలేదు కదన్నా": సప్లిమెంట్లు, డోపింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అథ్లెట్లకి డైట్ ప్లాన్ చేస్తుంటా. మొన్న ఒక 400 మీటర్ల రన్నర్ ప్రీ వర్కౌట్ (వ్యాయామానికి ముందు తాగే పొడి) డబ్బా తెచ్చి "అన్నా, ఇది వాడొచ్చా" అన్నాడు, మూత తీస్తే అప్పటికే సగం ఖాళీ. సీల్ తీయకముందు అడగాల్సిన మాట తమ్ముడూ అది.

అపోహ: లేబుల్ మీద లేదంటే లోపల లేనట్టే.
వాస్తవం: ఒకే పదార్థానికి నాలుగు పేర్లు ఉంటాయి. నిషేధిత ఉత్ప్రేరకం మిథైల్‌హెక్సేనమీన్‌ని డీఎంఏఏ అంటారు, జెరేనియం ఎక్స్‌ట్రాక్ట్ అని కూడా రాస్తారు. ఆ తమ్ముడి డబ్బా వెనక చిన్న అక్షరాలు వేలు పెట్టి చదివితే "ప్రొప్రయిటరీ బ్లెండ్" అని ఉంది, అంటే ఏది ఎంత కలిపారో చెప్పరన్నమాట. ఇక అసలు రాయనివి కూడా పడుతుంటాయి, అదే మిషన్‌లో అంతకుముందు వేరే సరుకు కలిపి సరిగ్గా కడక్కపోయినా చాలు, ల్యాబ్‌లో దొరికిపోతుంది.

అపోహ: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంది, పైగా హెర్బల్.
వాస్తవం: ఆ నంబర్ ఫుడ్ లైసెన్స్, డోపింగ్ టెస్ట్ కాదు. జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కి 21 నెలల సస్పెన్షన్ పడింది హైజెనమైన్ అనే నిషేధిత పదార్థం వల్ల, అది మొక్కల్లో కూడా ఉండేదే.

అపోహ: కోచ్ ఇచ్చాడు, తప్పు ఆయనది.
వాస్తవం: 2011లో మన రిలే అమ్మాయిలు స్టెరాయిడ్‌కి పాజిటివ్ వచ్చి, విదేశీ కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్‌లోనే కలిసిందన్నారు. ఇక్కడ ఏడాది నిషేధం వేస్తే 2012లో అంతర్జాతీయ క్రీడా కోర్టు రెండేళ్లకి పెంచింది. వాడా (ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ) రూల్ ఒకటే, నీ ఒంట్లో ఏముందో దానికి నువ్వే బాధ్యుడివి. ఇది నాకూ కఠినంగానే అనిపిస్తుంది, పల్లెటూరి నుంచి వచ్చిన 18 ఏళ్ల పిల్ల కోచ్ మాట కాదని ఎలా అంటుంది? కానీ నిషేధం పడేది ఆ పిల్ల పేరు మీదే, అందుకే ఇంతలా చెప్తున్నా.

అపోహ: తెలీక తిన్నానంటే వదిలేస్తారు.
వాస్తవం: శిక్ష తగ్గొచ్చు, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వే నిరూపించాలి. ఆ మీట్‌లో మెడల్ మాత్రం ఎలాగూ పోతుంది.

తప్పనిసరిగా వాడాల్సి వస్తే నిషేధిత పదార్థాల కోసం టెస్ట్ చేశారని చెప్పే ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ లాంటి గుర్తు ఉన్నదే కొనండి, గుర్తు ఒక్కటే చూసి ఆగకుండా బ్యాచ్ నంబర్ వాళ్ల సైట్‌లో కొట్టి చూడండి. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో గత 7 రోజుల్లో వేసుకున్నవన్నీ రాయండి, దగ్గు మందు కూడా.

ఆ తమ్ముడిని వాడటం ఆపమన్నా, డబ్బా మాత్రం పారేయొద్దన్నా, రేపు టెస్ట్‌లో ఏదైనా తేలితే ఎక్కడి నుంచి వచ్చిందో చూపించడానికి. బిల్లు, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి, మిగిలిన పొడి అలాగే మూత పెట్టి ఇంట్లో దాచాడు.