కీమో తర్వాత జ్వరం వస్తే "రేపు చూద్దాం" అనొద్దు: లింఫోమా అపోహలు, వాస్తవాలు

నేను కీమో డేకేర్‌లో నర్సుని. వాంతులు, జుట్టు ఊడటం, నోటి పూత... వీటి గురించి మా వార్డుకి ఫోన్లు వస్తూనే ఉంటాయి, ఓపిగ్గా చెబుతాం. కానీ ఒక ఫోన్ వస్తే మాత్రం గుండె దడదడలాడుతుంది. "సిస్టర్, నాన్నకి నిన్న సాయంత్రం నుంచి కొంచెం జ్వరం. డోలో వేస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది. సోమవారం ఎలాగూ వస్తున్నాం కదా, అప్పుడు చూపించొచ్చా?" ఎన్నిసార్లు చెప్పినా ఇది మళ్లీ మళ్లీ జరుగుతోంది. అందుకే రాస్తున్నాను.

డీఎల్‌బీసీఎల్ లాంటి వేగంగా పెరిగే లింఫోమాకి (లింఫ్ గ్రంథుల్లో పుట్టే రక్త క్యాన్సర్) ఆర్-చాప్ అనే ఐదు మందుల వైద్యం తీసుకునేవాళ్లను, వాళ్ల ఇంట్లోవాళ్లను ఉద్దేశించి రాస్తున్నదిది. 21 రోజులకొకటి చొప్పున చాలామందికి ఆరు సైకిళ్లు, అంటే ఆరు విడతలు ఉంటాయి.

అపోహ: కీమో అన్నాక జ్వరం మామూలే, మాత్ర వేసి ఒకట్రెండు రోజులు చూడొచ్చు

అస్సలు చూడకూడదు. ఆర్-చాప్‌లోని 'ఆర్' మందు రిటుక్సిమాబ్ ఎక్కుతున్నప్పుడు చలి, జ్వరం రావడం వేరే విషయం. అది మా కళ్లముందే జరుగుతుంది, మేం చూసుకుంటాం. నేను చెప్పేది ఇంటికి వెళ్లాక వచ్చే జ్వరం గురించి.

కీమో అయ్యాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా న్యూట్రోఫిల్స్ బాగా పడిపోతాయి. బ్యాక్టీరియాతో మొదట పోరాడే తెల్ల కణాలు ఇవే. అదే సమయంలో నోటి లోపలి పొర, పేగు లోపలి పొర కూడా దెబ్బతిని ఉంటాయి. కాబట్టి ఇన్ఫెక్షన్ బయటి నుంచే రావాలని లేదు, మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియాయే రక్తంలోకి దిగిపోవచ్చు. చీము పట్టాలన్నా న్యూట్రోఫిల్స్ ఉండాలి. అవి లేనప్పుడు చీము, ఎరుపు, వాపు, కఫం ఏవీ కనిపించకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. ఆ ఒక్కదాన్నీ పారాసిటమాల్‌తో కప్పేస్తే లోపల జరిగేది ఎవరికీ తెలియదు. కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ తప్పకుండా ఉండాలి. 100.4 చూపిస్తే ఫోన్ చేసి బయల్దేరండి. చెయ్యి పెట్టి చూసి "పెద్దగా లేదులే" అనుకోవద్దు. ఇంకో సంగతి, ఆర్-చాప్‌లో ఐదు రోజులు వేసుకునే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ జ్వరాన్ని అణచిపెట్టగలదు. అందుకని జ్వరం లేకపోయినా ఒళ్లు వణికినా, మనిషి మగతగా ఉన్నా, తేడాగా మాట్లాడుతున్నా ఫోన్ చేయాల్సిందే.

"కౌంట్స్ పెరగడానికి ఇంజెక్షన్ వేయించాం కదా సిస్టర్" అంటారు. న్యూట్రోఫిల్స్‌ని పెంచే ఆ ఇంజెక్షన్ ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదు. దానివల్ల నడుం, ఎముకలు బాగా లాగుతాయి, నొప్పికి పారాసిటమాల్ రాసిస్తాం. ఆ మాత్ర వేసుకునే ముందు ప్రతిసారీ టెంపరేచర్ చూసుకోండి. మా దగ్గర ప్రతి పేషెంట్‌కీ ఈ మాట రెండుసార్లు చెప్పి, తిరిగి వాళ్లతో చెప్పిస్తాను.

పల్నాడు వైపు నుంచి మిర్చి రైతు ఒకాయన వచ్చేవారు. మెడ కింది గడ్డలు రెండో సైకిల్‌కే కరిగిపోయాయి. ఇంట్లో అందరి ముఖాల్లో వెలుగు. పదో రోజు జ్వరం వచ్చింది. కల్లంలో కాయలు ఎండుతున్నాయి, కూలీలు దొరక్క దొరక్క దొరికారు. "దుమ్ముకి వచ్చిందిలే" అనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ పెట్టి, తుంటికి ఒక ఇంజెక్షన్ వేశారు. జ్వరం దిగింది. మూడో రోజు పొద్దున మంచం మీంచి లేవలేకపోయారు. మా దగ్గరికి వచ్చేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి, బీపీ అందడం లేదు. ఐసీయూలో చాలా రోజులు ఉండి బయటపడ్డారు. కానీ మూడో సైకిల్ ఆలస్యమైంది, డోసు తగ్గించాల్సి వచ్చింది. అప్పటిదాకా అంత బాగా పనిచేస్తున్న మందు అది.

నా బాధ ఇదే. ఈ జబ్బు ఆర్-చాప్‌తో పదిమందిలో సుమారు ఆరుగురికి నయమవుతుంది. గడ్డ కరుగుతున్న మనిషిని జ్వరానికి పోగొట్టుకోకూడదు. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు, ఆయన దగ్గర కౌంట్స్ చూసే ల్యాబ్ లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, కీమో తర్వాతి ఈ రోజుల్లో ప్లేట్‌లెట్స్ కూడా తగ్గి ఉండొచ్చు. తుంటికి ఇంజెక్షన్ వేస్తే లోపల రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. ఎనిమా కూడా వద్దు.

ఏం చేయాలంటే, కీమో కాగితాలు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, రెండు జతల బట్టలు ఒక సంచిలో ముందే సర్ది పెట్టుకోండి. రాత్రిపూట ఎవరి బండిలో బయల్దేరాలో ముందే అనుకోండి, లేదంటే 108. క్యాజువాలిటీలో మీ వంతు కోసం కూర్చోవద్దు. "కీమో అయి పది రోజులు, జ్వరం" అని మొదటే చెప్పి కాగితం చూపించండి. రక్తపరీక్షకి, కల్చర్‌కి (రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే పరీక్ష) రక్తం తీసి గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, కల్చర్ రిపోర్ట్ కోసం ఆగకూడదు. మా ఆసుపత్రికి నాలుగు గంటల ప్రయాణమైతే దగ్గర్లో డాక్టర్, ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి అక్కడి నుంచి ఫోన్ కలపండి, మా డాక్టర్ గారు వాళ్లతో మాట్లాడతారు. అర్ధరాత్రి లేపడం బాగోదని ఆగేవాళ్లు ఎంతమందో. లేపండి. వచ్చాక కౌంట్స్ బాగుంటే సంతోషంగా ఇంటికి పంపిస్తాం.

మిగతావి, త్వరగా

బొప్పాయి ఆకు రసం, గోధుమ గడ్డి రసం న్యూట్రోఫిల్స్‌ని పెంచవు. డెంగీ వచ్చినప్పుడు విన్న మాటను తెచ్చి ఇక్కడ అతికిస్తున్నారు. పైగా కౌంట్స్ తగ్గిన మనిషికి సరిగ్గా కడగని పచ్చి ఆకు రసం పట్టడం అంటే ఇన్ఫెక్షన్ కొనితెచ్చుకోవడమే. ఇది ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

పథ్యం పేరుతో పాలు, గుడ్లు, మాంసం మాన్పించకండి. శుభ్రంగా, వేడిగా వండింది ఏదైనా పెట్టండి. చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందన్నది నిజం కాదు. అయితే ప్రెడ్నిసొలోన్ వల్ల షుగర్ పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లు ఆ రోజుల్లో తప్పక చూసుకోవాలి. ఆ మాత్రలు పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకుంటే రాత్రి కాస్త నిద్ర పడుతుంది.

కీమో అయిన ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది ఆర్-చాప్‌లోని ఎర్ర మందు డాక్సోరుబిసిన్ రంగు. మంట, రక్తపు గడ్డలు ఉన్నా, ఆ తర్వాత కూడా ఎర్రగానే వస్తున్నా చెప్పండి. చొక్కా గుండీలు పెట్టుకోలేనంతగా వేళ్లు మొద్దుబారుతున్నా, మలబద్ధకం వేధిస్తున్నా ఆర్-చాప్‌లోని మరో మందు విన్‌క్రిస్టిన్ కారణం కావచ్చు. మొహమాటపడకుండా చెబితే డోసు చూస్తారు.

గడ్డ కరిగిందని మధ్యలో ఆపేయకండి. తిరగబెట్టిన జబ్బు మందులకు అంత తేలిగ్గా లొంగదు. నాలుగో స్టేజి అని రాస్తే అంతా అయిపోయినట్టు కాదు, లింఫోమాలో నాలుగో స్టేజికి కూడా నయం చేయాలనే వైద్యం మొదలుపెడతారు. మనవలను దగ్గరికి తీసుకోవచ్చు, ఇది అంటుకోదు. కీమో తర్వాత రెండు రోజులు మాత్రం టాయిలెట్ రెండుసార్లు ఫ్లష్ చేసి, వాంతి శుభ్రం చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకుంటే చాలు. ఇక మన దేశంలో తయారైన రిటుక్సిమాబ్ పనిచేయదేమోనన్న అనుమానం. 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ తన రిటుక్సిమాబ్ తెచ్చినప్పటి నుంచి ఎంతోమందికి ఈ వైద్యం అందింది. ధర తక్కువని భయపడొద్దు.

అపోహ: పేషెంట్‌కి తెలియకపోతేనే మంచిది

ప్రేమతోనే దాస్తారు, నాకు తెలుసు. ఒక అమ్మకి కొడుకులు "బలానికి సెలైన్" అని చెప్పి కీమో ఎక్కించారు. ఒక రాత్రి ఆవిడకి చలి పుట్టింది. బలం మందే కదా అని దుప్పటి కప్పుకుని పడుకున్నారు, కోడలిని కూడా లేపలేదు. తెల్లారి కోడలు ఒళ్లు పట్టుకుని చూసి పరుగున తీసుకురాబట్టి సరిపోయింది. ఆవిడ కోలుకున్నాక డాక్టర్ గారు కొడుకులను పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు పేరు, మందు పేరు, జ్వరం సంగతి ఆవిడకే చెప్పారు. ఆవిడ కాసేపు ఏడ్చారు. తర్వాత థర్మామీటర్ ఎలా చూడాలో నన్ను అడిగి నేర్చుకున్నారు. మిగిలిన సైకిళ్లలో రోజూ పొద్దునా సాయంత్రం తానే చూసుకుని మనవరాలితో క్యాలెండర్ మీద రాయించేవారు. ఒకసారి 100.6 వచ్చినప్పుడు మాకు ఫోన్ చేసింది కూడా ఆవిడే.