థర్మల్ ప్లాంటు పొగ: ఓపీలో రోజూ వినే అపోహలు

నేను ఛాతీ డాక్టర్‌ని. మా ఓపీకి థర్మల్ ప్లాంటు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చాలామంది వస్తారు. ఆయాసం, పిల్లికూతల సంగతి అయ్యాక మాట ఎటూ ప్లాంటు మీదికే మళ్లుతుంది.

అపోహ: తెల్లగా పైకి లేచే ఆ పొగే ప్రమాదం.
నడుము సన్నగా ఉండే ఆ లావుపాటి టవర్లలోంచి వచ్చేది నీటి ఆవిరి. పాల్వంచలో 2024 ఆగస్టులో కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ ప్లాంటు) పాత కూలింగ్ టవర్లు కూల్చారు కదా, వాటి పని నీళ్లు చల్లార్చడమే. చూడాల్సింది పక్కనున్న సన్నటి చిమ్నీని.

అపోహ: చిమ్నీ నుంచి నల్లపొగ రావట్లేదంటే గాలి బాగున్నట్టే. పైగా మన బొగ్గులో గంధకం తక్కువ.
గంధకం తక్కువే, అర శాతం దగ్గర. కానీ లెక్క వేయండి. మన బొగ్గుతో 500 మెగావాట్ల యూనిట్ పూర్తిస్థాయిలో నడిస్తే రోజుకు సుమారు 8 వేల టన్నులు కాలుతుంది. అందులో అర శాతం 40 టన్నుల గంధకం. అది కాలితే 80 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్, ఒక్క రోజుకు, ఒక్క యూనిట్ నుంచి! బూడిదలో చాలా భాగాన్ని ఈఎస్‌పీలు (కరెంటుతో నలుసుల్ని లాగి పట్టే పరికరాలు) పట్టేస్తాయి, అందుకే పొగ నల్లగా కనబడదు. ఈ వాయువును మాత్రం అవి పట్టలేవు. గాలిలో అది సల్ఫేట్ నలుసులుగా మారుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లే అతి సన్నటి నలుసుల్ని పీఎం 2.5 అంటారు, ఇవీ అందులో భాగమే. చిమ్నీ 275 మీటర్ల ఎత్తు ఉంటే పక్క ఊరికి కాస్త ఉపశమనం, వందల కిలోమీటర్ల అవతలివాళ్లకు వాటా. ఆ వాయువును పట్టే ఎఫ్‌జీడీ పరికరాలున్నాయి. 2015లో కేంద్రం ఈ వాయువుకు పరిమితులు పెట్టింది, గడువులు పొడిగించుకుంటూ పోయింది, 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు ఎఫ్‌జీడీ తప్పనిసరి కాదంది. ఒక డాక్టరుగా నాకిది మింగుడుపడలేదు.

అపోహ: ఆస్తమా ఉన్నవాళ్లకే ఇబ్బంది.
సన్నటి నలుసుల వల్ల పోయే ప్రాణాల్లో గుండెపోటు, పక్షవాతం వాటా చాలా పెద్దది. అవి మా ఓపీకి రావు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్తాయి. అందుకే ఎవరూ పొగతో ముడిపెట్టరు.

అపోహ: బొగ్గు ప్లాంట్లు మూసినా ఫలితం మనవళ్ల కాలానికే.
వాతావరణ మార్పు సంగతి అలాంటిదేమో గానీ గాలి సంగతి అలా కాదు. చైనాలోని టోంగ్‌లియాంగ్‌లో 2004లో బొగ్గు ప్లాంటు మూశారు. మూయకముందు పుట్టినవాళ్లతో పోలిస్తే ఆ తర్వాత పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో పొగ రసాయనాల ఆనవాళ్లు తగ్గాయి. కాలిఫోర్నియాలో 2001, 2011 మధ్య మూసిన 8 బొగ్గు, చమురు ప్లాంట్లకు 5 కిలోమీటర్లలోపు నెలలు నిండని కాన్పులు 7 శాతం నుంచి 5.1 శాతానికి దిగాయి. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లలో బొగ్గు ప్లాంట్ల నలుసుల వల్ల 1999 నుంచి 2020 దాకా 4.6 లక్షల మరణాలని 2023లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. మొదట్లో ఏటా 43 వేలకు పైన ఉన్నవి 2020 నాటికి 1,600కు పడిపోయాయి. కొన్ని ప్లాంట్లు మూశారు, కొన్నిటికి ఎఫ్‌జీడీ పెట్టారు. ఏది చేసినా పనిచేసింది.

అపోహ: కట్టెల పొయ్యి, బండ్ల పొగ ముందు ఇదెంత?
సగం నిజం. కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే ఆవిడకు నేను ముందు గ్యాస్ గురించే చెబుతాను. కానీ పొయ్యి మార్చడం ఆమె చేతిలో ఉంది, చిమ్నీ లేదు.

అపోహ: బొగ్గు బదులు పెట్టే సోలార్ ప్యానెళ్ల నుంచి రేడియేషన్ వస్తుంది.
రాదు. ఎండలో ఆరేసిన బట్టలకు ఎంత భయపడతామో వీటికీ అంతే.

అపోహ: ప్లాంటు మూసేస్తే సమస్య తీరినట్టే.
బూడిద చెరువు అక్కడే ఉంటుంది. ఎండాకాలం గాలికి లేస్తుంది, దాన్ని తడిపేవాళ్లు ఉండాలి, బూడిద లారీలకు టార్పాలిన్ పట్టాలు కప్పించేవాళ్లు ఉండాలి. కరెంటు కోతలు మొదలైతే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) మీద బతికే పేషెంట్లకు టెన్షన్, కాబట్టి బదులు కరెంటు ముందే సిద్ధం కావాలి. ఏళ్లతరబడి బూడిదలో పనిచేసిన కాంట్రాక్టు కార్మికులకైతే పని ఆగకముందే స్పైరోమెట్రీ (ఊపిరి ఊదించి చూసే పరీక్ష), ఎక్స్‌రే చేయించి రిపోర్టులు వాళ్ల చేతికే ఇవ్వాలి. తర్వాత పరిహారం అడగాలన్నా చూపించడానికి ఆ కాగితాలు కావాలి.