కిటికీ మీది ఉక్కుకు చెమట ఎటునుంచి పడుతుంది?

విశాఖ మహారాణిపేటలో పాత మేడలో ఉంటున్న ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. పడకగదికి ఏసీ పెట్టించాక వచ్చిన వానాకాలంలో కిటికీ పైన గోడ మీద గోధుమరంగు చార దిగింది. పైకప్పు కారడం లేదు, ఆ గోడలో పైపు లేదు. పెచ్చు ఊడిన చోట చూస్తే లోపల ఉక్కు లింటెల్, అంటే కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దూలం, కనిపించింది. దానికి లోపలి వైపు ఫోము అతికిద్దామంటే, చలిదేశాల వాళ్లు అలా చేస్తే ఉక్కు ఇంకా తడుస్తుందని హెచ్చరిస్తున్నారు. ఏం చేయాలి?

చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసును కాసేపు గమనించండి. ఒంటినిండా పట్టిన చెమట గ్లాసులోంచి ఊరింది కాదు, చుట్టూ ఉన్న గాలిది. ఇప్పుడు గ్లాసుకు గుడ్డ చుట్టండి. గాలి గుడ్డలోంచి దూరుతుంది కాబట్టి చెమట ఆగదు, గుడ్డే తడిసిపోతుంది. గుడ్డకు బదులు ఆవిరి దూరని ఫోము బిగుతుగా తొడిగితే చెమట ఆగుతుంది, కానీ ఒక్క సందు మిగిలినా అక్కడ తడి పడుతుంది. మూడో పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టం. ఫోమును గ్లాసు లోపలే, నీళ్లకూ స్టీలుకూ మధ్య పెట్టామనుకోండి. చల్లదనం స్టీలు దాకా రాదు. స్టీలు బయటి గాలి వేడిలోనే ఉంటుంది, ఇక చెమటకు కారణమే లేదు.

ఆ గ్లాసే మన గోడ. నీళ్ల స్థానంలో ఏసీ గది, చుట్టూ గాలి స్థానంలో విశాఖ వీధి. బయట 32 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా నీటి బిందువులు పేరుకుంటాయి. గది 24 డిగ్రీలు. ఉక్కు ఇటుక కన్నా సుమారు 60 రెట్లు సులువుగా వేడిని దాటిస్తుంది. బయట సగం ఇటుక మందం, లోపల పెయింటు మాత్రమే ఉన్న లింటెల్‌కు లెక్క వేస్తే అది 27 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అంటే ఇటుక సందుల్లోంచి వచ్చే వీధి గాలికి అది తడుస్తుంది. లోపలి వైపు అంగుళం ఫోము చేర్చి మళ్లీ లెక్క వేయండి. ఉక్కు 30 డిగ్రీలు దాటుతుంది, అంటే పొడిగానే ఉంటుంది.

చలిదేశంలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ తేమ వేడిచేసిన గదిలో ఉంటుంది, చలి వీధిలో ఉంటుంది. లోపల ఫోము పెడితే ఉక్కు మరింత చల్లబడుతుంది, సందుల్లోంచి చేరిన గది ఆవిరి దానిమీద నీరవుతుంది. వాళ్ల హెచ్చరిక వాళ్ల ఊరికి నిజం. గది వేడి చేసుకునే అవసరమే రాని విశాఖకు అది వర్తించదు. లోహపు కడ్డీకి మైనంతో గుండుసూదులు అతికించి ఉష్ణవాహకత చూపించే పాఠం మన బడుల్లో ఉంది. వేడి ఎటు పోతుందో, ఆవిరి ఎటు పోతుందో రెండూ కలిపి చూపించే పాఠం కూడా పిల్లలకు చెప్పాలని నా గట్టి కోరిక.

సముద్రం ఇంకో చిక్కు తెస్తుంది. గాలిలో వచ్చే ఉప్పు ఉక్కు మీద పేరుకుంటే, తుప్పుకు ఆ చెమట పట్టనవసరం కూడా లేదు. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గరే గాలిలోని తేమను పీల్చుకుని నీరు కారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. పుట్టిన తుప్పు అసలు ఉక్కు కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమించి ఇటుకలను పైకి నెడుతుంది. లింటెల్ కొసల దగ్గర అడ్డంగా సాగే పగులు దాని పనే. దానికి దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టేవాళ్లను, వాస్తు దోషమని కిటికీనే మూసేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈలోగా లోపల ఉక్కు తరిగిపోతూనే ఉంటుంది.

కాబట్టి ఫోము కన్నా ముందు ఉక్కును చూడాలి. సుత్తితో తడితే పొరలు పొరలుగా రాలుతుంటే, కొసలు సన్నబడి ఉంటే, స్ట్రక్చరల్ ఇంజినీరు చూసేదాకా ఏదీ కప్పకూడదు. గట్టిగా ఉంటే తుప్పు గీకి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, బాగా ఆరనిచ్చి, జింకు ప్రైమరు, దానిమీద ఎపాక్సీ పెయింటు వేయించాలి. ఆ తర్వాతే గట్టి ఎక్స్‌పీఎస్ (ఆవిరి సులువుగా దూరని ఒక రకం గట్టి ఫోము) షీటు. దాన్ని జిగురుతో ఖాళీ లేకుండా అతికించి, లింటెల్ కొసలు దాటి రెండు వైపులా అడుగు దాకా సాగించాలి. ఫోముకు నిప్పంటుకుంటుంది కనుక దానిమీద జిప్సం బోర్డు తప్పనిసరి. ఆ గోడకు వినైల్ వాల్‌పేపర్ మాత్రం వద్దు. బయటినుంచి వచ్చే ఆవిరి దాని వెనకే ఆగి బూజు పడుతుంది. బయట కిటికీ చుట్టూ ఉన్న సందులు పూడ్పించి, సజ్జ అడుగున వాన నీరు గోడ మీదికి పాకకుండా గాడి తీయించాలి. ఈ పనులన్నీ తడి వాతావరణం మొదలుకాకముందే, గోడ ఎండి ఉన్నప్పుడు పూర్తిచేయాలి.