మందు డబ్బా కొనే ముందు వంగ మొక్కను పీకి చూడండి

వంగ తోటలో అక్కడక్కడా ఒక మొక్క తేడాగా కనిపిస్తుంది. ఆకులు బాగా చిన్నవై, మెత్తబడి, పాలిపోయి ఉంటాయి. కణుపులు దగ్గరదగ్గరగా వచ్చి, పక్కకొమ్మలు లెక్కలేనన్ని పుట్టి, మొక్క మొత్తం చీపురు కట్టలా గుబురుగా అవుతుంది. పూత రాదు. వచ్చినా ఊదారంగు పూరేకులకు బదులు ఆకుపచ్చ రేకులే ఉంటాయి. ఇదే వెర్రి తెగులు. దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట వైపు బోర్ల కింద ఎకరమో అరెకరమో వంగ పెట్టే రైతులకు ఇది కొత్తది కాదు. "ఆకులు చిన్నగైనయి, ఏదన్నా మందియ్యి" అని దుకాణంలో అడిగితే ఒక తెగులు మందు, ఒక పురుగుమందు, పైన ఒక టానిక్ చేతిలో పడతాయి. మూడూ కలిపి కొట్టినా ఆ మొక్క మాత్రం కాయదు.

దీనికి కారణం శిలీంద్రం కాదు, వైరస్ కూడా కాదు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. ఇదీ ఒక రకం బాక్టీరియానే గానీ, దీనికి కణం చుట్టూ గోడ ఉండదు. మొక్కలో ఆహారం మోసుకెళ్ళే నాళాల లోపలే బతుకుతుంది. అందుకే ఆకు మీద పడే మందు దాని దాకా చేరదు. 1967 దాకా ఇలాంటి తెగుళ్ళన్నిటికీ వైరస్‌లే కారణం అనుకునేవారు. ఆ ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు గిడసబారిన మల్బరీ మొక్కల కణజాలాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, నాళాల్లో గోడ లేని ఈ జీవులు కనిపించాయి. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే లక్షణాలు కొంత తగ్గుతాయని కూడా అప్పుడే తేలింది. అయితే మందు ఆపగానే తెగులు మళ్ళీ తిరగబెడుతుంది. కూరగాయ తోటలో యాంటీబయాటిక్ గుమ్మరించడం ఏ రకంగానూ మంచిది కాదు.

పువ్వు ఆకులా ఎందుకు మారుతుందన్నది ఇంకా విచిత్రమైన సంగతి. ఈ జాతికే చెందిన మరో ఫైటోప్లాస్మా మీద ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రవేత్తలు పనిచేసి, 2014లో ఫలితాలు వెల్లడించారు. ఆ జీవి ఒక ప్రొటీన్‌ను వదులుతుంది. పువ్వు తయారీని నడిపే మొక్క ప్రొటీన్లను అది విరగ్గొట్టిస్తుంది. పూలకు బదులు ఆకులు వేసే అలాంటి మొక్కల మీదికి రసం పీల్చే దీపపు పురుగులు ఎక్కువగా చేరతాయి. అంటే విత్తనం ఇవ్వలేని మొక్క, తెగులును మోసే పురుగుకు మేతగా మాత్రం మిగులుతుంది. నువ్వుల చేలో కనిపించే వెర్రి తెగులు కూడా ఈ కోవలోదే.

వంగలో దీన్ని మోసేది చిన్న దీపపు పురుగు. ఒకసారి తెగులు మొక్క రసం తాగితే ఫైటోప్లాస్మా దాని ఒంట్లో పెరిగి, లాలాజలంలోకి చేరుతుంది. ఆ తర్వాత అది వాలిన ప్రతి మొక్కకూ ప్రమాదమే. కాబట్టి గుబురు మొక్క కనిపించిన రోజే వేరుతో సహా పీకి కాల్చాలి. "పచ్చగనే ఉంది కదా, రెండు కాయలైనా కాయదా" అని ఉంచితే ఆ వరుసంతా పోతుంది. గట్ల మీది ఉమ్మెత్త, ఇంటి ముందరి బిళ్ళగన్నేరు కూడా ఇలాంటి జీవులకు ఆశ్రయమిస్తాయి. చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గానీ మొక్కజొన్న గానీ వేస్తే, ఎగిరొచ్చే పురుగుకు అడ్డం ఉంటుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె మొదట్లోనే కొట్టడం మంచిది. కాపు అయిపోయిన తోటను కొమ్మలు నరికి మళ్ళీ చిగురింపజేసే అలవాటు ఉంది. నా ఉద్దేశంలో వెర్రి తెగులు ఉన్న ఊళ్ళో దాన్ని మానేయడమే మేలు. పాత మొక్కలే కొత్త తోటకు తెగులు అంటిస్తాయి.

ఇక ఎండు తెగులు. నిన్న నిగనిగలాడిన మొక్క ఈరోజు పచ్చి ఆకులతోనే వాలిపోతుంది. నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకో తడి ఇస్తే, నేలలోని బాక్టీరియా ఆ నీటితో పక్క మొక్కకు పాకుతుంది. రాల్‌స్టోనియా అనే ఈ బాక్టీరియాను పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసు నీళ్ళలో కొస మునిగేలా వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో తెల్లటి పాలధార లాంటిది దిగితే అది బాక్టీరియానే. అప్పుడు ఆ మడిలో తర్వాతి పంటగా టమాట, మిర్చి, పొగాకు వద్దు, అవన్నీ ఒకే కుటుంబం. నీటి వసతి ఉంటే వరి, లేకుంటే జొన్న మంచివి. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం మాత్రం ఈ బాక్టీరియాను తట్టుకునే వంగ రకాల వేరుమూలం మీద టమాటను అంటుకట్టమంటుంది. అన్ని వంగలూ ఒకేలా లొంగిపోవన్నమాట.

ధార రాకపోతే వేరు చూడాలి. వేళ్ళ నిండా బుడిపెలుంటే నులిపురుగులు. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెలకల్లాంటి తేలిక నేలలంటే వీటికి ఇష్టం. ఇవి చేసిన గాయాల్లోంచి బాక్టీరియా సులువుగా దూరుతుంది కాబట్టి రెండూ కలిసి ఉండటమూ మామూలే. ఏప్రిల్, మే ఎండల్లో లోతుగా దున్ని వదిలేస్తే చాలా వరకు చస్తాయి. ఆఖరి దుక్కిలో ఎకరాకు సుమారు 200 కిలోల వేపపిండి, మధ్యమధ్య బంతి మొక్కలు తోడైతే ఇంకా నయం. కొమ్మ చివర ఒక్కటే వాలి ఉంటే అది తెగులు కాదు, మొవ్వ తొలిచే పురుగు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసిన, జన్యువులు మార్చిన బీటీ వంకాయ కూడా ఆ పురుగు కోసమే తప్ప ఈ తెగుళ్ళ కోసం కాదు.

మందు నిజంగా పనిచేసేది ఆకుమాడు, కాయకుళ్ళు తెగులు మీద. కాయ మీద లోపలికి కుంగిన గోధుమరంగు మచ్చలు, వాటిలో నల్లటి చుక్కలు ఉంటాయి. ఇది శిలీంద్రం. వానలు ముసురు పట్టినప్పుడు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కొడితే అదుపులోకి వస్తుంది. అయితే కొట్టిన వెంటనే కాయలు కోసి రైతుబజారుకు పంపకండి, డబ్బా మీద రాసిన గడువు దాకా ఆగాలి. ఈ శిలీంద్రం విత్తనంలో దాక్కుని నారుమడికి చేరుతుంది. ఇంటి విత్తనమైతే 50 డిగ్రీల వేడి నీళ్ళలో 30 నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టాలి. చెయ్యి పెట్టి అంచనా వేస్తే కుదరదు, థర్మామీటర్ కావాలి. వేడి ఎక్కువైతే మొలక దెబ్బతింటుంది. ఆరిన విత్తనానికి కిలోకు 4 గ్రాముల ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం పొడి పట్టించి, నీరు నిలవని ఎత్తు మడిలో పలుచగా చల్లితే నారుకుళ్ళు కూడా తగ్గుతుంది. మందు పూసి, రంగు అద్ది ప్యాకెట్‌లో అమ్మే హైబ్రిడ్ విత్తనానికి మాత్రం వేడినీళ్ళ పని పెట్టుకోవద్దు, పూసిన మందంతా కడుక్కుపోతుంది.