ప్రేక్షకులకు గీత, పైలట్‌కు ఎత్తు: ఎయిర్‌షో ప్రమాదాల పూర్వాపరాలు

2025 నవంబరు 21న, దుబాయ్ ఎయిర్‌షో చివరి రోజున, అల్ మక్తూమ్ విమానాశ్రయంలో విన్యాసాలు చేస్తున్న తేజస్ యుద్ధ విమానం నేలకూలి మంటల్లో కాలిపోయింది. దానిని నడుపుతున్న భారత వైమానిక దళ వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ మరణించారు. ప్రేక్షకులకు ఏమీ కాలేదు. కారణాన్ని తేల్చవలసినది వైమానిక దళం ఆదేశించిన కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కనుక ఇక్కడ ఊహాగానాలకు తావు లేదు. అయితే విమానం కూలినా చూడవచ్చినవారు క్షేమంగా ఉండటం అదృష్టం వల్ల మాత్రమే జరిగింది కాదు. అందుకు కారణమైన నిబంధనలు 70 ఏళ్లకు పైగా, ఒక్కో దుర్ఘటన తరువాత ఒక్కొక్కటిగా ఏర్పడ్డాయి.

మొదటి పెద్ద మలుపు ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో వచ్చింది. 1952 సెప్టెంబరు 6న డి హావిలాండ్ 110 అనే నమూనా యుద్ధ విమానం ప్రేక్షకుల వైపు మలుపు తిరుగుతూ గాలిలోనే ముక్కలైంది. ఊడిపోయిన ఇంజన్ గుట్ట మీద నిలబడి చూస్తున్న జనం మీద పడింది. పైలట్ జాన్ డెర్రీ, ఆయన సహచరుడు టోనీ రిచర్డ్స్, 29 మంది ప్రేక్షకులు చనిపోయారు. ఈనాటి పాఠకులకు నమ్మశక్యం కాకపోవచ్చు గానీ, అదే రోజు నెవిల్ డ్యూక్ అనే మరో పైలట్ హాకర్ హంటర్ విమానంతో పైకి వెళ్లి తన ప్రదర్శన పూర్తి చేశారు. ఆ తరువాత బ్రిటన్‌లో జెట్ విమానాలు తిన్నగా ఎగిరేటప్పుడు జనానికి 230 మీటర్లు, విన్యాసాలు చేసేటప్పుడు 450 మీటర్ల దూరం పాటించాలనే నియమం వచ్చింది.

ఇతర దేశాలు ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకున్నాయి. 1988 ఆగస్టు 28న పశ్చిమ జర్మనీలోని రామ్‌స్టైన్ వైమానిక స్థావరంలో సుమారు 3 లక్షల మంది చూస్తుండగా ఇటలీ వైమానిక దళ విన్యాస బృందం ఆకాశంలో పొగతో హృదయాకారాన్ని గీసింది. దాని మధ్యగా ప్రేక్షకుల వైపు దూసుకురావలసిన ఒంటరి విమానం ఎదురువచ్చిన రెండింటిని ఢీకొంది. ఆ మండుతున్న విమానం జనంలోకి దూసుకువచ్చింది. ముగ్గురు పైలట్లతో కలిపి 70 మంది మరణించారు. సహాయక చర్యల్లో మరో లోపం బయటపడింది: అమెరికన్ సైనిక వైద్యులు క్షతగాత్రులకు అమర్చిన సెలైన్ సూదులకు జర్మన్ అంబులెన్సుల్లోని గొట్టాలు అమరలేదు. కాలిన గాయాలతో ఉన్న మనిషి పక్కన రెండు దేశాల సిబ్బంది చెరొక పరికరం పట్టుకుని నిలబడవలసి రావడం, మృతుల సంఖ్యను మించి మనసును కలచివేసే విషయం. ఆ తరువాత జర్మనీ విన్యాస ప్రదర్శనలను మూడేళ్లపాటు నిషేధించింది.

నియమం తెలిసినంత మాత్రాన అమలు కాదని 2002 జూలై 27న ఉక్రెయిన్‌లోని ల్వీవ్ సమీపంలోని స్క్నిలివ్‌లో జరిగిన ప్రమాదం నిరూపించింది. అక్కడ సుఖోయ్-27 జనం మధ్యన కూలి 77 మంది చనిపోయారు, పైలట్లిద్దరూ బయటికి దూకి బతికి, తరువాత జైలుకు వెళ్లారు.

ప్రదర్శనలో జనానికి హద్దుగా నిర్ణయించే గీత లోపల ఉన్న ప్రేక్షకులకు రక్షణ పెరిగే కొద్దీ, గీత బయట ఉన్నవారి సంగతి ముందుకొచ్చింది. 2010 మార్చి 3న హైదరాబాద్‌లో భారత నౌకాదళ సాగర్ పవన్ బృందపు కిరణ్ విమానం బోయినపల్లిలో ఒక భవనంపై కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో ఒకప్పటి సైనిక విమానం హాకర్ హంటర్ పక్కనున్న రహదారి మీద పడి 11 మంది ప్రాణాలు తీసింది. గిరికీ కొట్టేటప్పుడు శిఖర బిందువు వద్ద 3,500 అడుగులు ఉండవలసింది 2,700 అడుగులే ఉందని దర్యాప్తు తేల్చింది. ఆ ఎత్తు చాలదని గమనిస్తే పైలట్ అక్కడే విమానాన్ని తిప్పి బయటపడవచ్చు, గమనించకపోతే దిగుతున్నప్పుడు నేల ముందే వచ్చేస్తుంది.

పైలట్ కోసం చేసిన నియమాలన్నీ ఈ ఎత్తు చుట్టూనే తిరుగుతాయి. 2003లో అమెరికాలోని మౌంటెన్ హోమ్ స్థావరంలో ఆ దేశ వైమానిక దళ విన్యాస బృందం థండర్‌బర్డ్స్ పైలట్ ఒకరు, తన సొంత స్థావరం కన్నా అక్కడి నేల సుమారు 1,100 అడుగులు ఎత్తున ఉందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవడంలో తప్పి, 2,500 అడుగులకు బదులు 1,670 అడుగులకే ఎక్కి తలకిందులుగా దిగారు. నేలను తాకడానికి 0.8 సెకను ముందు, పైలట్‌ను విమానంలోంచి బయటికి విసిరే ఎజెక్షన్ సీటుతో బయటపడ్డారు. ఆధునిక సీట్లు ఆగి ఉన్న విమానం నుంచి కూడా మనిషిని కాపాడగలవు. కానీ విమానం వేగంగా కిందికి జారుతున్నా, తలకిందులై ఉన్నా వాటికి ఎత్తు కావాలి, ప్రదర్శనలో ఉండనిది సరిగ్గా అదే. ఆ ప్రమాదం తరువాత ఆ విన్యాసానికి థండర్‌బర్డ్స్ మరో 1,000 అడుగులు కలిపారు.

2025లోనే ఆగస్టు 28న, రామ్‌స్టైన్‌కు సరిగ్గా 37 ఏళ్లకు, పోలండ్‌లోని రాడోమ్‌లో రిహార్సల్ చేస్తున్న ఎఫ్-16 కూలి పైలట్ మరణించారు. అక్కడ ప్రదర్శన మొత్తాన్ని రద్దు చేశారు. మూడు నెలలు తిరగకుండానే దుబాయ్‌లో తేజస్ కూలినప్పుడు ఆ రోజు కార్యక్రమం తిరిగి మొదలైంది, అమెరికా ఎఫ్-16 బృందం మాత్రం తన చివరి ప్రదర్శనను విరమించుకుంది.